బడిలో కంప్యూటర్, ట్యాబ్, పెద్ద తెర: ప్రకాశం జిల్లాలో తరచుగా అడిగే ప్రశ్నలు

ఒంగోలు చుట్టుపక్కల మండలాల్లో పేరెంట్స్ మీటింగుల్లోనూ, స్టాఫ్ రూముల్లోనూ మళ్లీ మళ్లీ వినపడే ప్రశ్నలివి. కొన్ని తల్లులు అడిగినవి, కొన్ని హెడ్మాస్టర్లు అడిగినవి, ఇంకొన్ని ఊరి బడికి ఏదో ఒకటి చేద్దామని హైదరాబాద్ నుంచి ఫోన్ చేసే పూర్వ విద్యార్థులవి. నేను లెక్కల టీచర్ని. అందుకని ఉదాహరణలు లెక్కల వైపే ఎక్కువ మొగ్గుతాయి.

సార్, బడిలో కంప్యూటర్లు పెడితే మా పిలకాయలకు చదువు బాగా వస్తుందా?

రావచ్చు, రాకపోవచ్చు. మాట దాటేయడానికి ఇలా చెప్పడం లేదు. దీని మీద మన దేశంలోనూ బయటా గట్టి పరిశోధనలు జరిగాయి, రెండు రకాల ఫలితాలూ వచ్చాయి.

గుజరాత్‌లోని వడోదరలో మునిసిపల్ బళ్లలో నాలుగో తరగతి పిల్లలకు వారానికి రెండు గంటలు కంప్యూటర్ మీద లెక్కల ఆటలు ఆడించారు. ఒక్కో కంప్యూటర్ ముందు ఇద్దరేసి కూర్చున్నారు. పిల్లలకు లెక్కలు బాగా మెరుగయ్యాయి. తర్వాత నోబెల్ బహుమతి అందుకున్న అభిజిత్ బెనర్జీ, ఎస్తర్ డఫ్లో ఉన్న బృందం ఈ ఫలితాలను 2007లో ప్రచురించింది. అదే పరిశోధనలో ఇంకో సంగతి కూడా ఉంది: కార్యక్రమం ఆగిన ఏడాదికి ఆ లాభంలో చాలా భాగం కరిగిపోయింది. కంప్యూటర్లు అమ్మడానికి వచ్చేవాళ్లు ఈ రెండో ముక్క ఎప్పుడూ చెప్పరు.

ఢిల్లీలో కార్తీక్ మురళీధరన్ బృందం మైండ్‌స్పార్క్ అనే సాఫ్ట్‌వేర్‌ను పరీక్షించింది. బడి అయ్యాక కేంద్రానికి వచ్చిన పిల్లలు 45 నిమిషాలు కంప్యూటర్ ముందు, మరో 45 నిమిషాలు చిన్న గుంపుగా ఒక మనిషి దగ్గర కూర్చునేవారు. నాలుగున్నర నెలల్లో లెక్కల్లోనూ హిందీలోనూ చెప్పుకోదగ్గ ముందడుగు కనపడింది. అందరికంటే వెనకబడిన పిల్లలకు బడి పాఠంతో పోలిస్తే దీనివల్ల జరిగిన మేలు మరీ ఎక్కువ. ఇది 2019లో అచ్చయింది.

ఇక రెండో వైపు చూడండి. దక్షిణ అమెరికాలోని పెరూ దేశం పల్లె బళ్లలో పిల్లకొక ల్యాప్‌టాప్ చొప్పున పంచింది. కొన్నాళ్లకు పరీక్ష పెడితే లెక్కల్లోనూ భాషలోనూ ఏ తేడా కనపడలేదు. గుజరాత్‌లోనే లీ లిండెన్ అనే పరిశోధకుడు ఇంకోటి చూశాడు. మంచి టీచర్ చెప్పే పాఠాన్ని ఆపేసి ఆ గంటలో పిల్లల్ని కంప్యూటర్ గదికి పంపిస్తే మార్కులు తగ్గాయి. అదే సాఫ్ట్‌వేర్‌ను బడి వేళల తర్వాత అదనంగా ఇస్తే పెరిగాయి.

ఒకచోట పనిచేసింది ఇంకోచోట ఎందుకు పనిచేయలేదు?

పెరూలో పిల్లల చేతికి యంత్రం వచ్చింది, అంతే. దాంతో ఏం చేయాలో పిల్లలకూ చెప్పలేదు, టీచర్లకూ గట్టిగా నేర్పలేదు. ఢిల్లీలో సాఫ్ట్‌వేరే మొదట పిల్ల ఎక్కడ ఆగిపోయిందో కనిపెట్టి, అక్కడి నుంచి మొదలుపెట్టింది. మొత్తం రహస్యం ఇక్కడే ఉందని నా అభిప్రాయం.

మన బళ్లో ఏడో తరగతి గదిని తీసుకోండి. నలభై మంది ఉన్నారు. పాఠం పూర్ణసంఖ్యల గుణకారం. వెనక బెంచీలో ఒక పిల్లాడికి 52 లోంచి 27 తీసేయమంటే 35 అని రాస్తాడు. రెండులోంచి ఏడు పోదు కాబట్టి ఏడులోంచి రెండు తీసేశాడు. దశకం అప్పు తెచ్చుకోవడం వాడికి మూడో తరగతిలోనే పట్టుబడలేదు. అప్పటి నుంచి తరగతులు మారాడు గానీ ఆ ముడి అలాగే ఉండిపోయింది. వాడి ముందు ఏడో తరగతి పాఠాన్ని ఎంత అందమైన బొమ్మలతో, ఎంత పెద్ద తెర మీద చూపించినా లాభం లేదు. బోర్డు మీద అర్థం కానిది తెర మీద రంగుల్లో అర్థం కాకుండా పోతుంది, అంతే తేడా.

టీచర్ ఒక్కడే. నలభై మందిలో ఎవరి ముడి ఎక్కడుందో వెతికి, పదిమందికి పది రకాల లెక్కలు ఇవ్వాలంటే సిలబస్ ఎప్పుడు అవుతుంది? ఇక్కడే కంప్యూటర్ అక్కరకొస్తుంది. ఒక్కొక్కరికీ ఒక్కో మెట్టు మీద లెక్క ఇస్తుంది, తప్పు చేసిన క్షణంలోనే తప్పని చెబుతుంది, వందసార్లు అడిగినా విసుక్కోదు. పైగా పక్కనున్నవాడు నవ్వడు. ఏడో తరగతి పిల్లాడు మూడో తరగతి లెక్క చేస్తున్నాడని గదిలో ఎవరికీ తెలియదు. ఆ పిల్లాడికి ఇది చిన్న విషయం కాదు.

కాబట్టి ఎవరైనా కొత్త యాప్ తెచ్చి చూపిస్తే నేను మొదట అడిగేది ఒకటే: ఇది పిల్ల మెట్టును బట్టి మారుతుందా, లేక తరగతి పుస్తకాన్నే వీడియోగా తీసి పెట్టారా?

మా హైస్కూల్లో గోడకు పెద్ద ప్యానెల్ పెట్టారు. అందులో వీడియోలు వేస్తే చాలా?

చాలదు. 2023 నుంచి మన రాష్ట్రంలో ప్రభుత్వ హైస్కూళ్లకు ఇంటరాక్టివ్ ప్యానెళ్లు (వేలితో తాకి నడిపే పెద్ద తెరలు), ప్రాథమిక పాఠశాలలకు స్మార్ట్ టీవీలు వచ్చాయి. చాలా చోట్ల వాటిని టీవీలాగే వాడుతున్నారు. పాఠం వీడియో పెట్టి, అయిపోయాక "అర్థమైందా?" అంటే "అయింది సార్" అని గది మొత్తం ఒకే గొంతుతో అంటుంది. ఆ జవాబు వీడియో లేకపోయినా వచ్చేదే.

ప్యానెల్ మీద నాకు బాగా పనికొచ్చినవి రెండు. ఒకటి జియోజీబ్రా అనే జ్యామితి సాఫ్ట్‌వేర్. త్రిభుజం గీసి ఒక మూలను వేలితో లాగుతుంటే కోణాలు మారుతూ ఉంటాయి, మొత్తం మాత్రం 180 దగ్గరే ఉంటుంది. "ఇంకా లాగండి సార్, మారుతుందేమో" అని పిల్లలే అంటారు. రెండోది ఫెట్. నోబెల్ అందుకున్న భౌతిక శాస్త్రవేత్త కార్ల్ వీమన్ 2002లో అమెరికాలోని కొలరాడో విశ్వవిద్యాలయంలో మొదలుపెట్టిన ఉచిత సిమ్యులేషన్లు ఇవి. బ్యాటరీ, బల్బు, తీగ కలిపి సర్క్యూట్ కట్టవచ్చు. లోలకం పొడవు మార్చి ఊగే సమయం కొలవవచ్చు. కొన్ని తెలుగులో కూడా దొరుకుతాయి. ఒకసారి డౌన్‌లోడ్ చేసుకుంటే నెట్ లేకుండా నడుస్తాయి.

వాడే పద్ధతి ముఖ్యం. బల్బు వెలిగించి చూపించే ముందు, "ఇంకో బల్బు కలిపితే వెలుగు పెరుగుతుందా, తగ్గుతుందా?" అని నోటు పుస్తకంలో రాయించండి. పక్కవాడితో వాదించుకోనివ్వండి. ఆ తర్వాత తెర తాకండి. తన అంచనా తప్పయిన పిల్ల ఆ పాఠాన్ని మర్చిపోదు. వీలైతే నిజం బ్యాటరీ, నిజం బల్బు కూడా బల్ల మీద పెట్టండి. వాటి ఖర్చు ఎంతో కాదు.

2022లో ఎనిమిదో తరగతి పిల్లలకు ట్యాబ్‌లు ఇచ్చారు కదా. ఇంట్లో ఒకటి మూలన పడుంది. ఏం చేయాలి?

బ్యాటరీ ఉబ్బి ఉంటే మాత్రం ముట్టుకోవద్దు, చార్జింగ్ పెట్టొద్దు. బాగుంటే ఇంట్లో చిన్న పిల్లలకు పనికొస్తుంది. దీక్ష యాప్ వేయండి. కేంద్ర ప్రభుత్వం 2017లో మొదలుపెట్టింది, ఉచితం. పాఠ్యపుస్తకంలో అధ్యాయం పక్కనున్న క్యూఆర్ కోడ్‌ను దాంతో స్కాన్ చేస్తే ఆ పాఠానికి సంబంధించిన వీడియోలు, ప్రశ్నలు వస్తాయి. బడిలో వైఫై దగ్గర డౌన్‌లోడ్ చేసుకుని ఇంటి దగ్గర చూసుకోవచ్చు.

చదవడం ఇంకా తడబడే పిల్లలకు ప్రథమ్ బుక్స్ వాళ్ల స్టోరీవీవర్ వెబ్‌సైట్ గురించి నేను గట్టిగా చెబుతాను. 2015 నుంచి ఉంది. తెలుగులో బొమ్మల కథలు బోలెడు ఉన్నాయి, నాలుగు మెట్లుగా విడగొట్టి ఉంటాయి. పీడీఎఫ్ దించుకుని ప్రింట్ తీసినా ఎవరూ ఏమీ అనరు, లైసెన్సే అలాంటిది. ఒక్కోసారి ట్యాబ్ కంటే ఆ ప్రింట్ కాగితాలే ఎక్కువ చేతులు మారతాయి.

మా ఊళ్లో నెట్ సరిగ్గా రాదు. కరెంటు కూడా ఎప్పుడు పోతుందో తెలియదు.

నెట్ లేకపోవడం అనుకున్నంత పెద్ద అడ్డంకి కాదు. కొలిబ్రి అని ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. పాత డెస్క్‌టాప్ ఒకదాన్ని సర్వర్‌గా పెట్టి, మామూలు వైఫై రౌటర్ తగిలిస్తే గదిలోని ట్యాబ్‌లన్నీ దానిలోంచే పాఠాలు తీసుకుంటాయి. బయటి ఇంటర్నెట్ అక్కర్లేదు. తెలుగు పాఠాలు అందులో తక్కువే గానీ, మనం తయారు చేసుకున్నవి ఎక్కించుకోవచ్చు. ఆ పాటి ఓపిక లేకపోతే ఒక పెన్‌డ్రైవ్‌లో తరగతుల వారీగా ఫోల్డర్లు పెట్టుకుని ప్యానెల్‌కు గుచ్చండి. అదీ చాలు.

కరెంటు విషయంలో యూపీఎస్ కంటే ముందు చూడాల్సింది ఎర్తింగ్. చాలా బళ్లలో ఎర్తింగ్ గుంట ఎక్కడుందో అటెండర్‌కు తప్ప ఎవరికీ తెలియదు. ఎండాకాలం అందులో నీళ్లు పోయకపోతే నేల ఎండిపోయి అది ఉన్నా లేనట్టే. కంప్యూటర్ డబ్బా తాకితే జివ్వుమంటోందంటే పిల్లల్ని ఆ గదిలోకి పంపకుండా ముందు ఎలక్ట్రీషియన్‌ను పిలవండి.

తెచ్చిన ఏడాదికే సగం పాడైపోతున్నాయి. ఎందుకు?

మన వైపు మూడు రకాల శత్రువులున్నారు. కొత్తపట్నం, సింగరాయకొండ వైపు ఉప్పుగాలి. యూఎస్‌బీ రంధ్రాలు, చార్జింగ్ పిన్నులు తుప్పు పడతాయి. చీమకుర్తి దగ్గర గ్రానైట్ దుమ్ము. ఫ్యాన్‌లోకి చేరి యంత్రం వేడెక్కి ఆగిపోతుంది. కనిగిరి, పొదిలి మెట్ట ప్రాంతంలో ఎండ. మే నెలలో తాళం వేసిన గదిలో, పడమటి గోడకు ఆనించిన ఇనప బీరువాలో ట్యాబ్‌లు పెడితే జూన్ 12న తీసేసరికి బ్యాటరీలు ఉబ్బి ఉంటాయి.

సెలవులకు ముందు ట్యాబ్‌లను సగం చార్జింగ్‌తో ఆపేసి, బడిలో అన్నింటికంటే చల్లగా ఉండే గదిలో పెట్టండి. నిండా చార్జ్ చేసి గానీ, పూర్తిగా అయిపోయాక గానీ దాచకూడదు. దుమ్ము ఉన్నచోట నెలకోసారి బ్లోయర్ కొట్టించాలి, కిటికీకి దోమల మెష్ కొట్టినా కొంత ఆగుతుంది. సముద్రం దగ్గర మందు ఒకటే, రోజూ వాడటం. నడుస్తున్న యంత్రం దాని వేడికి తడి ఆరబెట్టుకుంటుంది. మూసిపెట్టినదే ముందు పోతుంది.

ఇంకో కారణం ఎవరూ పైకి చెప్పరు. స్టాక్ రిజిస్టర్ భయం. పాడైతే ఎవరి మెడకు చుట్టుకుంటుందోనని గదికి తాళం వేసి తాళంచెవి జేబులో పెట్టుకుంటారు. పిల్లలు వాడి పాడైన కంప్యూటర్ గురించి హెడ్మాస్టర్‌ను సంజాయిషీ అడిగినట్టే, వాడకుండా పాడైన దాని గురించి కూడా పై అధికారులు అడిగితే ఆ తాళాలు సగం ఊడిపోతాయి.

ఒక్కో కంప్యూటర్‌కు ఎంతమంది కూర్చోవచ్చు?

ఇద్దరు. వడోదరలోనూ అదే. ఇద్దరైతే మాట్లాడుకుంటారు, ఒకరి తప్పు ఒకరు పట్టుకుంటారు. ముగ్గురైతే మూడోవాడు కిటికీలోంచి చూస్తుంటాడు. మౌస్ ఎవరి చేతిలో ఉందో పది నిమిషాలకోసారి మార్పించండి. లేకపోతే చురుకైనవాడే గంటంతా పట్టుకుని కూర్చుంటాడు.

అంగన్‌వాడీ, ఒకటి, రెండు తరగతుల పిల్లలకు ట్యాబ్ ఇవ్వవచ్చా?

నన్నడిగితే వద్దు. రెండు నుంచి నాలుగేళ్ల పిల్లలకు కూర్చోబెట్టి తెర చూపించే సమయం రోజుకు గంట దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది, తక్కువైతే ఇంకా మంచిదని కూడా చెప్పింది. ఆ గంట మన ఇళ్లలో అన్నం తినిపించేటప్పుడు ఫోన్‌కే ఖర్చవుతోంది. బడిలోనైనా చేతులకు పని ఉండాలి. అక్షరం దిద్దేటప్పుడు బలపం ఎంత నొక్కాలో వేళ్లు నేర్చుకోవాలి, గాజు తెర ఆ పని చేయదు. మార్కాపురం పలక మన ముంగిట్లోనే తయారవుతోంది, చార్జింగ్ అక్కర్లేదు. టీచర్ అప్పుడప్పుడు టీవీలో ఒక పాట, ఒక కథ వేసి పిల్లలతో కలిసి ఎగిరితే సరే, అందులో తప్పు లేదు.

కళ్లు పాడవుతాయని భయంగా ఉంది.

2020లో కరోనా సమయంలో కేంద్ర విద్యాశాఖ ప్రజ్ఞత పేరుతో ఆన్‌లైన్ తరగతులకు హద్దులు చెప్పింది. ఒకటి నుంచి ఎనిమిదో తరగతి వరకు రోజుకు రెండు సెషన్లు, తొమ్మిది నుంచి పన్నెండు వరకు నాలుగు సెషన్లు దాటకూడదు, ఒక్కోటి 30 నుంచి 45 నిమిషాలు. బడి కంప్యూటర్ పీరియడ్ ఈ హద్దుల లోపలే ఉంటుంది. భయపడాల్సింది రాత్రి దుప్పటి కింద ఫోన్ గురించి. ఇరవై నిమిషాలకోసారి దూరంగా ఉన్న చెట్టు వైపు చూడమనండి. బోర్డు మీది అక్షరాలు కనపడక కళ్లు చికిలించే పిల్లలుంటే ఆలస్యం చేయకుండా కంటి పరీక్షకు తీసుకెళ్లండి.

ఇంట్లో ఫోన్ ఉంది. అమ్మాయికి ఇస్తే చెడిపోతుందని వాళ్ల నాన్న ఒప్పుకోరు.

ఈ ప్రశ్న తల్లులు మీటింగ్ అయిపోయాక గేటు దగ్గర, గొంతు తగ్గించి అడుగుతారు. అన్నకు ఇచ్చినప్పుడు చెడిపోని ఫోన్ చెల్లెలికి ఇస్తే ఎందుకు చెడిపోతుందో నాకు ఇంతవరకు ఎవరూ చెప్పలేకపోయారు. 14 నుంచి 16 ఏళ్ల పిల్లల్లో సొంత ఫోన్ ఉన్నవాళ్లు, దాన్ని వాడటం వచ్చినవాళ్లు అబ్బాయిలే ఎక్కువని, పల్లెల్లో పిల్లల చదువును పరీక్షించే అసర్ సర్వేలు చూపిస్తున్నాయి. రేపు కాలేజీ అడ్మిషన్, స్కాలర్‌షిప్, బ్యాంకు, ఉద్యోగం అప్లికేషన్ అన్నీ ఆ తెర మీదే. నేర్పకపోతే ప్రతిసారీ ఎవరో ఒకరి చేతిలో ఫోన్ పెట్టి, ఓటీపీ చెప్పి, వాళ్లు చేసిపెట్టేదాకా నిలబడాలి. అసలు ప్రమాదం అక్కడుంది.

నాన్నగారికి నేను చెప్పేది ఇది: ఫోన్ హాల్లో, అందరూ తిరిగే చోట, రాత్రి ఎనిమిదిలోపు, ఇద్దరికీ సమానంగా. ఎవరైనా తెలియనివాళ్లు మెసేజ్ పెడితే తిట్టకుండా వింటానని అమ్మాయికి మాట ఇవ్వండి. సైబర్ మోసం జరిగితే 1930, పిల్లలకు ఏ కష్టం వచ్చినా 1098. ఈ రెండు నంబర్లు గోడ మీద రాసిపెట్టండి. ఇక బడిలో కంప్యూటర్ గది వంతులు వేసేటప్పుడు అమ్మాయిలకు విడిగా సమయం ఇవ్వండి, సాయంత్రం బస్సు వెళ్లిపోయే వేళ మాత్రం వద్దు.

కనిగిరి వైపు నుంచి పనులకు హైదరాబాద్, బెంగళూరు వెళ్లే కుటుంబాల పిల్లల సంగతేంటి?

ఆరు నెలలు పనిచోట, ఆరు నెలలు ఇక్కడ. తిరిగొచ్చేసరికి తరగతి ముందుకెళ్లిపోయి ఉంటుంది. మెట్టును బట్టి నేర్పే సాఫ్ట్‌వేర్ అందరికంటే ఈ పిల్లలకే ఎక్కువ అవసరం, ఎందుకంటే ఆగిన చోటు నుంచి మళ్లీ మొదలుపెట్టనిస్తుంది. వెళ్లేటప్పుడు పాఠ్యపుస్తకాలు వెంట తీసుకెళ్లమని చెప్పండి. పుస్తకం, తల్లి ఫోన్‌లో దీక్ష ఉంటే కొంతైనా సాగుతుంది. అయితే అమ్మమ్మ తాతల దగ్గర ఉండి చదువుకునే ఏర్పాటు గానీ, తల్లిదండ్రులు వలస వెళ్లే నెలల్లో పిల్లల్ని ఉంచుకునే సీజనల్ హాస్టల్ గానీ దొరికితే ఏ యాప్ కంటే అదే మేలు. సైట్ దగ్గర రేకుల షెడ్డులో, తమ్ముణ్ణి ఎత్తుకుని ఉన్న పిల్ల ఫోన్ చూసి చదువుకుంటుందని మనం కాగితం మీద రాసుకోవచ్చు గానీ నమ్మకూడదు.

ప్రైవేటు స్కూల్లో డిజిటల్ క్లాస్ అని విడిగా ఫీజు కట్టమంటున్నారు. కట్టాలా?

కట్టే ముందు నాలుగు మాటలు అడగండి. వారానికి ఎన్ని గంటలు మా వాడు స్వయంగా కీబోర్డు ముట్టుకుంటాడు? వాడు ఏ మెట్టు మీద ఉన్నాడో చూపించే రిపోర్టు మాకిస్తారా? ఆ పీరియడ్ కోసం ఏ పీరియడ్ తీసేశారు? ఆటల పీరియడా? వాడి పేరు, ఫొటో, ఫోన్ నంబర్ ఆ కంపెనీ దగ్గర ఎన్నాళ్లుంటాయి? వీటికి సూటిగా జవాబు రాకపోతే మీరు కడుతున్నది గోడ మీది తెరకు ఈఎంఐ.

మాకు కంప్యూటర్ రాదు, రిటైర్మెంట్ దగ్గర పడింది. ఇప్పుడు నేర్చుకోవాలా?

సీనియర్ టీచర్లు కొందరు సిగ్గుపడుతూ అడిగే ప్రశ్న. మేడమ్, మీకు రానిది బటన్లు నొక్కడం. పిల్లాడు ఎక్కడ తడబడతాడో మీకు తెలుసు, అది నేర్చుకోవడానికి పాతికేళ్లు పట్టింది. బటన్లకు వారం చాలు. తొమ్మిదో తరగతిలో ఇద్దరు ముగ్గురు పిల్లల్ని పెట్టుకోండి, వాళ్లే నేర్పుతారు. కేరళ ప్రభుత్వం ఇదే ఆలోచనతో 2018లో లిటిల్ కైట్స్ పేరుతో హైస్కూళ్లలో విద్యార్థి క్లబ్బులు పెట్టింది. బడిలోని యంత్రాల బాగోగుల్లో ఆ పిల్లలకూ పాలుంది.

టీచర్ల అసలు టెన్షన్ వేరే. టెక్నాలజీ అనగానే వాళ్లకు గుర్తొచ్చేది పాఠం కాదు, హాజరు ఫొటోలు, అప్‌లోడ్‌లు, సర్వర్ బిజీ. ఉదయం మొదటి పీరియడ్ ఫోన్ పట్టుకుని సిగ్నల్ కోసం గేటు దాకా నడిచిన మనిషికి పదకొండింటికి ట్యాబ్ పాఠం చెప్పమంటే ఉత్సాహం ఎక్కడి నుంచి వస్తుంది? యాప్‌లను కలిపి తగ్గించే ప్రయత్నం జరుగుతోంది, మంచిదే. ఇంకా తగ్గాలి.

ఏఐ వచ్చాక పిల్లలు హోంవర్క్ మొత్తం దాంతోనే రాయిస్తున్నారు. ఏం చేయాలి?

కాపీ కొట్టించే హోంవర్క్ ఇస్తే ఏఐతో కాపీ కొడతారు. అంతకుముందు గైడులోంచి కొట్టేవాళ్లు. "నీటి కాలుష్యం గురించి వ్యాసం రాయుము" అంటే యంత్రం నిమిషంలో రాసిస్తుంది. "మీ వీధి కుళాయికి నీళ్లు ఎన్ని గంటలకు వస్తాయి, ఎన్ని బిందెలు పడతాయి, ఎండాకాలం ఎంత తగ్గుతాయి, అమ్మను అడిగి పట్టిక వేయి" అంటే పిల్లే రాయాలి.

టీచర్లకు మాత్రం అది మంచి సహాయకుడు. ఒకే పాఠానికి మూడు మెట్లలో లెక్కలు కావాలన్నా, ఒంగోలు నుంచి చీరాలకు బస్సు చార్జీ, పొగాకు బేళ్ల బరువు లాంటి మనకు తెలిసిన సంగతులతో ప్రశ్నలు కావాలన్నా తయారు చేసి పెడుతుంది. ప్రతి జవాబూ మీరు చేసి చూసుకోండి. తప్పును కూడా ఎంతో ధీమాగా చెప్పడం దానికి అలవాటు, తెలుగులో ఇంకా ఎక్కువ. హైస్కూల్ లోపు పిల్లల్ని దాంతో ఒంటరిగా వదలొద్దు.

కోడింగ్ ఏ తరగతి నుంచి నేర్పాలి?

చదవడం, కూడిక, తీసివేత, గుణకారం, భాగహారం వచ్చాక ఎప్పుడైనా. ఆరో తరగతిలో స్క్రాచ్ సరిపోతుంది. దిమ్మెలు పేర్చినట్టు ఆదేశాలు పేర్చడమే, నెట్ లేకుండా కూడా నడుస్తుంది, ఉచితం. కోడింగ్ నేర్చుకుంటే ఆరేళ్లకే లక్షలు సంపాదిస్తారనే ప్రకటనలు చూసి అప్పు చేయకండి.

తెలుగులో టైప్ చేయడం నేర్పాలా? ఇప్పుడంతా ఇంగ్లిష్ మీడియమే కదా.

నేర్పాలి. తన మాట తన లిపిలో తెర మీద పడటం చూస్తే పిల్లలకు వచ్చే ఉత్సాహం వేరు. ఇన్‌స్క్రిప్ట్ అనే తెలుగు కీబోర్డు అమరికలో అచ్చులు ఎడమ చేతికి, హల్లులు కుడి చేతికి ఉంటాయి, నెల రోజుల్లో వేళ్లకు వచ్చేస్తుంది. తొమ్మిదో తరగతి పిల్లలకు మంచి పని ఒకటి చెబుతాను: తెలుగు వికీపీడియాలో మీ ఊరి పేజీ తెరిపించండి. 2003 డిసెంబర్ నుంచి స్వచ్ఛందంగా రాస్తున్నవాళ్లు మన రాష్ట్రంలోని దాదాపు ప్రతి ఊరికీ ఒక పేజీ పెట్టారు. చాలా వాటిలో జనాభా లెక్కలు తప్ప ఏమీ ఉండదు. ఊరి చెరువు, పంటలు, బడి గురించి ఆధారంతో ఎలా రాయాలో, తెలియనిది ఎందుకు రాయకూడదో పిల్లలకు అక్కడ బాగా తెలుస్తుంది.

పిల్లల వివరాలు యాప్‌లలో ఇస్తున్నాం. ఏమైనా ఇబ్బందా?

2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం ప్రకారం 18 ఏళ్ల లోపు వాళ్లంతా పిల్లలే. వాళ్ల సమాచారం తీసుకోవాలంటే తల్లిదండ్రుల అనుమతి కావాలనేది చట్టంలోని మూలసూత్రం, బళ్లలాంటి చోట్ల కొన్ని మినహాయింపులున్నాయి. ఆచరణలో చేయగలిగింది: ఉచిత యాప్ అడిగిందల్లా ఇవ్వకండి. లెక్కల యాప్‌కు మీ కాంటాక్ట్ లిస్టుతో పని లేదు. పిల్లల మార్కుల జాబితా, ఆధార్ కాపీలు వాట్సాప్ గ్రూపుల్లో పెట్టడం మన బళ్లకు పట్టిన రోగం. దీన్ని ఇవాళే ఆపవచ్చు.

మేం పూర్వ విద్యార్థులం. మా బడికి పది కంప్యూటర్లు ఇద్దామనుకుంటున్నాం.

సంతోషం. ఐదు చాలు. మిగతా డబ్బుతో మంచి యూపీఎస్, ఎర్తింగ్, హెడ్‌ఫోన్లు కొనండి. గదిలోని కంప్యూటర్లన్నీ ఒకేసారి మాట్లాడితే ఎవరికీ ఏమీ వినపడదు. ఇంకా మిగిలితే ఊళ్లోనే డిగ్రీ చదివిన అమ్మాయిని సాయంత్రం రెండు గంటలు ఆ గది చూసుకోవడానికి, రెండేళ్లపాటు, జీతానికి పెట్టండి. ప్రారంభోత్సవం ఫొటోలో ఆమె అంత బాగా కనపడకపోవచ్చు. ఢిల్లీ ఫలితం రావడానికి కంప్యూటర్ పక్కన ఒక మనిషి కూడా ఉన్నారన్న సంగతి మాత్రం గుర్తుపెట్టుకోండి.

ఇదంతా చేశాక పిల్లలు మెరుగుపడ్డారో లేదో ఎలా తెలుస్తుంది?

యాప్ ఇచ్చే రిపోర్టు ఒక్కటే చూడకండి. ఎన్ని నిమిషాలు వాడారో, ఎన్ని వీడియోలు చూశారో అందులో ఉంటుంది, ఏం వచ్చిందో అంత నమ్మకంగా ఉండదు. జూన్‌లో ఒక కాగితం తీసుకుని ఒక్కో పిల్లనూ విడిగా పిలవండి. ఒక చిన్న పేరా, ఒక పొడుగు కథ చదివించండి. రెండంకెల తీసివేత ఒకటి, మూడంకెలను ఒక అంకెతో భాగించే లెక్క ఒకటి చేయించండి. అసర్ సర్వే వాళ్లు ఇంటింటికీ వెళ్లి చేసేది ఇదే. మనిషికి ఐదు నిమిషాలు పడుతుంది. ఎవరు ఎక్కడ ఆగారో పేర్ల ఎదుట రాసుకోండి. సంక్రాంతి సెలవులకు ముందు మళ్లీ అదే పరీక్ష, లెక్కలు మార్చి. తీసివేత దగ్గర ఆగినవాళ్లలో భాగహారానికి చేరినవాళ్లెంతమందో లెక్కపెట్టండి. ఎవరూ కదలకపోతే సాఫ్ట్‌వేర్ మార్చండి, లేదా ఆ పీరియడ్‌ను తిరిగి టీచర్‌కు ఇచ్చేయండి.

పాడైపోయిన పాత కంప్యూటర్లు, బ్యాటరీలు గదినిండా ఉన్నాయి.

పాత ఇనప సామాన్ల వాళ్లకు అమ్మొద్దు. యూపీఎస్ బ్యాటరీలో సీసం, యాసిడ్ ఉంటాయి. కొత్తది కొనేటప్పుడు పాతది డీలర్‌కే ఇస్తే ధరలో తగ్గిస్తాడు. కంప్యూటర్లను నిరుపయోగమని కమిటీలో తీర్మానం రాయించి, మండల విద్యాశాఖాధికారికి పంపి, అనుమతి ఉన్న ఈ-వేస్ట్ సంస్థకు అప్పగించి రసీదు తీసుకోండి. దానికి ముందు హార్డ్ డిస్కులు విప్పదీయండి, పిల్లల వివరాలు అందులోనే ఉంటాయి. రెండు డబ్బాలు మాత్రం ఉంచుకోండి. ఎనిమిదో తరగతి పిల్లలకు స్క్రూడ్రైవర్ ఇచ్చి విప్పమంటే ఆ రోజు ఎవరూ ఆబ్సెంట్ అవరు.